డిక్రీ చేతికి వచ్చిన పిమ్మట

మా వీధిలో నొక సోదరి కలదు. పేరు చెప్పుట మర్యాద గాదు గాన చెప్పను. గత శ్రావణమాసమున నొకనాటి మధ్యాహ్నము, పిల్లలు బడికి బోయి యిల్లు సద్దుమణిగిన వేళ, ఆమె యొక ప్లాస్టికు సంచి చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. అందు విజయవాడ కుటుంబ న్యాయస్థానమువారి డిక్రీ నకలు కలదు. అంతవఱకు దానిని దేవుని పటము వెనుక, కుంకుమభరిణె చెంత దాచుకొన్నదట. కాగితపు మూలలకు పసుపంటియున్నది. వివాహము రద్దయినదనియు, ఆమెకును ఆమె కుమార్తెకును గలిపి నెలకు 9,000 రూపాయలు మనోవర్తి యిచ్చుచుండవలెననియు అందు వ్రాసియున్నది. ఆ వ్రాత పుట్టి పదునాలుగు నెలలు గడచెను. ఒక్క రూపాయియు రాలేదు.

“కోర్టువారే వసూలు చేసి పంపుదురు గదా, అక్కయ్యగారూ? ఇంక నెన్నాళ్లు చూడవలెను?” అని యడిగినది.

నేను న్యాయశాస్త్రము చదివినదానను గాను. మా తండ్రిగారు ఇంటనే భారతమును, కొంత స్మృతిభాగమును జెప్పిరి. అంతియే నా చదువు. ఐనను ఊరకుండలేక, మావారి శిష్యులలో నిప్పుడు వకీలుగా నున్న యొకరిని పిలిపించి యడిగితిమి. ఆయన చెప్పినదియు, పిదప నామె వెంట కోర్టునకు బోయి నేను కన్నదియు నిచ్చట వ్రాయుచున్నాను. ఇట్టి కాగితమును దాచుకొని యెదురుచూచుచున్నవారు మన కృష్ణాతీరమున నామె యొక్కతెయే కాదు.

తీర్పు చెప్పుట యొక పని, దానిని జరిపించుట వేఱొక పని. రెండవదానికి మరల మనమే దరఖాస్తు పెట్టుకొనవలెను. అడుగనిదే కోర్టు కదలదు. ఈ మాట ఆమెకు తీర్పునాడు ఎవరును చెప్పలేదు. చెప్పియుండినను ఆనాటి యేడుపులో విని యుండదు.

ఉత్తరువు ఏ చట్టము క్రింద వచ్చినదో ముందుగా చూడవలెను. మనోవర్తికి దారులు రెండు. విడాకుల వ్యాజ్యములోనే 1955 నాటి హిందూ వివాహ చట్టము 25వ సెక్షను క్రింద వచ్చినది సివిలు డిక్రీ. అదే చట్టము 28-ఏ సెక్షనును, 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము 18వ సెక్షనును బట్టి దానిని తక్కిన డిక్రీలవలెనే అమలు జరిపింతురు. రెండవది క్రిమినలు దారి. పూర్వము 125వ సెక్షను అని అందఱి నోటను నానినది. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనైనది. విడాకులు పొంది మరల పెండ్లాడని స్త్రీయు దానిక్రింద అడుగవచ్చును. ఆ ఉత్తరువును తగిన కారణము లేక త్రోసివేసినవానికి వారంటును, నెల వఱకు ఖైదును గలవు. ఖైదులో నుండి వచ్చినంతమాత్రమున బాకీ మాసిపోదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పియున్నది.

ఈ రెంటిని గలగాపులగము చేయుటవలన మా సోదరికి పెద్ద దిగులు కలిగెను. “ఏడాది దాటినది, నీ డబ్బు మునిగినది” అని బంధువొకడు చెప్పెనట. అదివిని ఆమె రెండు రాత్రులు నిద్రపోలేదు. ఏడాది గడువు నిజమే. కాని యది ఆ రెండవ దారికి. అందు బాకీపడిన నాటినుండి ఏడాదిలోపల అడుగనిచో ఆ నెల సొమ్మునకు వారంటు పుట్టదు. సివిలు డిక్రీకి గడువు పండ్రెండేండ్లు. నెలనెల ఇయ్యవలసిన సొమ్మునకు, తప్పిన ప్రతి నెలకును ఆ తప్పిన నాటినుండి లెక్క. ఆమెది 25వ సెక్షను డిక్రీ. ఏమియు మునుగలేదు. అది విన్నప్పుడు ఆమె ముఖము చూడవలసినది.

అమలు దరఖాస్తులో వ్యాజ్యపు నంబరు, డిక్రీ తేదీ, ఇంతవఱకు ముట్టినదెంత, రావలసినదెంత, ఏ విధముగా వసూలు చేయుమని కోరుచున్నారు అనునవి వ్రాయవలెను. ఈ కడపటిదే కష్టము. అతనికి ఆస్తి యెక్కడ నున్నదో కోర్టునకు కలలో దెలియదు; మనమే చూపవలెను. మనకును తెలియనిచో, ఆస్తిపాస్తులన్నియు ప్రమాణపత్రముగా వ్రాసి దాఖలు చేయుమని అతని నాజ్ఞాపింప కోర్టును కోరవచ్చును. చేయనిచో మూడు నెలల వఱకు సివిలు జైలు. మనోవర్తి వ్యాజ్యములలో ఉభయులును మొదటనే ఇట్టి పత్రములు దాఖలు చేయవలెనని సుప్రీంకోర్టు 2020 నవంబరు 4వ తేదీన సూచించినది. కావున ఇకమీద వ్యాజ్యము వేయువారు ఆ పత్రపు నకలు భద్రముగా నుంచుకొనుడు. అదియే పిమ్మట దారి చూపును. వకీలు ఖర్చునకు జంకనక్కఱలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె రాబడి యెంతయైనను, ప్రభుత్వము తరఫున వకీలును ఉచితముగా నిత్తురు.

మా సోదరికి అదృష్టవశమున రెండు సంగతులు తెలిసియున్నవి. అతడు ఈ పట్టణముననే యొక ప్రైవేటు కచేరిలో 30,000 జీతమునకు పనిచేయుచున్నాడు. గుడివాడ చెంత తండ్రి పంచియిచ్చిన అరువది సెంట్ల మాగాణి యున్నది.

జీతపు సంగతి విన్నప్పుడు నాకు యాజ్ఞవల్క్యస్మృతి జ్ఞప్తికి వచ్చెను. మాట మీఱని, నేర్పరియైన, బిడ్డను గన్న, ప్రియముగా పలుకు భార్యను విడిచిపుచ్చినవానిచేత ఆస్తిలో మూడవవంతు ఇప్పింపవలెననియు, నిర్ధనుడైనచో భరణ మిప్పింపవలెననియు అందు గలదు. “ఇచ్చుగాక” యని ఋషి వ్రాయలేదు, “ఇప్పింపవలెను” అనినాడు. తనంత నియ్యడని ఆనాడే యెఱుగును కాబోలు. (ఆ విశేషణములు లేని భార్య గతి యేమని చిన్నతనమున అడిగితిని, మా తండ్రిగారు నవ్వి యూరకుండిరి.) నేటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ఆ లెక్కను తలక్రిందు చేసినది. ఇతర ఋణదాతలకు జీతములో వేయి రూపాయలు పోగా మిగిలినదానిలో మూడవవంతే అందును. మనోవర్తి డిక్రీకైనచో భర్తకు మూడవవంతు విడిచి మిగిలిన రెండు వంతుల వఱకు జప్తు చేయవచ్చును. ఉత్తరువు ముట్టిన పిమ్మట యజమాని ఆ సొమ్ము పట్టి కోర్టునకు పంపవలెను. పంపక అతనికే యిచ్చినచో తానే యిచ్చుకొనవలసివచ్చును.

భూమి సంగతి కొంత మెల్లనిది. గుడివాడ కోర్టునకు డిక్రీని బదిలీ చేయించుకొనవలెను. సబ్‌రిజిస్ట్రారు కచేరిలో ఈసీ తీసి భూమి యింకను అతని పేరనే యున్నదని రూఢి చేసికొంటిమి. జప్తు ఉత్తరువు పడిన పిమ్మట అతడు ఎవరికి అమ్మినను ఆ యమ్మకము ఆమె హక్కునకు అడ్డురాదు. పడకముందు అమ్మివైచినచో మఱియొక వ్యాజ్యము. అసలు డిక్రీలోనే ఆ భూమిపై మనోవర్తికి ఛార్జి వ్రాయింప 25వ సెక్షను వీలిచ్చుచున్నది. మా సోదరి వ్యాజ్యములో ఎవరును అడుగలేదు. పదునాలుగు నెలల నిదురలేమి ఆ యొక్క వాక్యముతో తప్పియుండెడిది.

“అతనిని జైలులో బెట్టింపరాదా?” అని ఆమె తల్లి యడిగెను. పెట్టింపవచ్చును, కాని శక్తి యుండియు ఇయ్యకున్నాడని మనము ఋజువు చేయవలెను. పైగా సివిలు జైలులో నున్నన్నాళ్లు అతని భోజనపు బత్తెము డిక్రీదారే ముందుగా కోర్టులో కట్టవలెనట! ఏడేండ్లు వండిపెట్టినది చాలదా యని ఆ పెద్దావిడ లేచిపోయెను.

దరఖాస్తు నోటీసు అందినంతనే అతని యన్నగారు మా వీధికి వచ్చిరి. అంతకుముందు వారికి ఈ వీధి తెలియదు. ఆమె సోదరునికి అఱువదివేలు నగదుగా నిచ్చియున్నామనిరి. సోదరుడు పైసా ముట్టలేదనెను. కోర్టుకు తెలియజేసి నమోదు చేయింపని చెల్లింపును అమలు జరుపు కోర్టు లెక్కింపదు. నిజముగా నిచ్చువారికిని పుచ్చుకొనువారికిని ఇది జ్ఞప్తియం దుండవలెను. పిమ్మట రెండు లక్షలు ఒక్కసారిగా పుచ్చుకొని సంతకము చేయుమని రాజీ కాగితము చూపిరి. అందు “ఇకమీద ఎట్టి హక్కును లేదు” అని కడపటి పంక్తి. బిడ్డ పేరును అందు కలిపిరి.

అప్పుడు వకీలుగారు నెల్లూరి వ్యాజ్య మొకటి చెప్పిరి. వడ్డెబోయిన తులసమ్మగారు భర్త పోయిన వితంతువు. 1944లో మనోవర్తికై భర్త సోదరునిపై నెల్లూరు మునసబు కోర్టులో దావా వేసి, 1946లో డిక్రీ పొంది, అమలుకు పెట్టిరి. 1949లో, ఆ యమలు నడుచుచుండగనే రాజీ జరిగెను: కొన్ని భూములు బ్రదికినన్నాళ్లు అనుభవింపవలెను, అమ్మరాదు అని. 1961లో ఆమె కొంత అమ్మగా మరల వ్యాజ్యము. హైకోర్టులో ఓడిరి. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు, మనోవర్తి దయాదానము గాదు, ముందునుండి యున్న హక్కు. ఆ హక్కునకు బదులుగా వచ్చిన భూమి 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షనుచే ఆమెకు సంపూర్ణముగా చెందునని తీర్పు చెప్పెను. దావా నాటినుండి ముప్పదిమూడేండ్లు. ఆనాటి రాజీలోని “అమ్మరాదు” అనుమాటకై ఇంత జరిగినది. విడాకులైన స్త్రీకి ఆ తీర్పు ఉన్నదున్నట్లు వర్తించునని తలపరాదు. అందుచేతనే సంతకమునకు ముందు ప్రతి పంక్తియు చదువుకొనవలెను.

మా సోదరి చదువుకొన్నది. సంతకము చేయలేదు.

మాఘమాసమున జీతము జప్తునకు ఉత్తరువు వచ్చినది: నెలకు 9,000 మనోవర్తి, పాతబాకీ క్రింద 5,000. అప్పటికి బాకీ ఇరువది నెలలకు 1,80,000. తీరుటకు మూడేండ్లు పట్టును. మొదటి సొమ్ము చేతికి వచ్చిననాడు బిడ్డ బడి జీతము కట్టి, తక్కినదానితో కుట్టుమిషనుకు క్రొత్త బెల్టు వేయించినది. గుడివాడలో భూమి జప్తు దరఖాస్తు ఇంకను విచారణలో నున్నది. వచ్చే వాయిదాకు నేనును వెళ్లుచున్నాను. డిక్రీ నకలు ఇప్పుడు పటము వెనుక లేదు. బీరువాలో, బత్తా రసీదులతో కలిపి, దారము కట్టి యుంచినది.