కోలారు గనుల లోతున న్యూట్రినో

హోసూరు, కృష్ణగిరి పట్టణములకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, కర్ణాటకములో కోలారు బంగారు గనులు కలవు. అచ్చట బంగారము త్రవ్విరని మనవారెల్లరు ఎరుగుదురు. అచ్చటనే 1965లో, వాయుమండలమున పుట్టిన న్యూట్రినోల జాడ కనుగొనబడెను.

న్యూట్రినో విద్యుదావేశము లేని అతిసూక్ష్మ కణము. 1930లో పౌలీ దాని ఉనికిని ఊహించెను. 1956లో రైన్స్, కోవన్ అనువారు అణురియాక్టరు చెంత దానిని నిరూపించిరి. అది భూగోళమునైనను అవలీలగా దాటిపోవును. అట్టిదానిని పట్టుట యెట్లు?

అరుదుగా ఒక న్యూట్రినో శిలలోని పరమాణు కేంద్రకమును తాకి మ్యూయాన్ అను కణమును పుట్టించును. మ్యూయానునకు ఆవేశము కలదు గనుక పరికరములు దాని మార్గమును చూపగలవు. కాని విశ్వకిరణములు గాలిని తాకినపుడును మ్యూయానులు పుట్టి ఎడతెగక భూమిపై కురియుచుండును. వానిని అడ్డుటకు దట్టమైన శిల కావలెను.

అందులకై టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయము, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయము కలసి చాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2,300 మీటర్ల లోతున పరికరములను నెలకొల్పినవి. మేనన్, శ్రీకంఠన్, రమణమూర్తి, నరసింహం, మియాకె, వుల్ఫెండేల్ మొదలగువారు ఇందు పాల్గొనిరి. కణము తాకగనే మెరయు ప్లాస్టిక్ పలకలను, దాని బాటను చూపు నియాన్ గొట్టములను గోడవలె నిలువుగ అమర్చిరి. అంత లోతునకు పైనుండి చేరు మ్యూయానులు మిక్కిలి కొలది. అవియు దాదాపు నిట్టనిలువుగ దిగును. అడ్డముగ రావలెనన్న ఎన్నో కిలోమీటర్ల శిలను దాటవలెను. అది వానికి సాధ్యము కాదు. కనుక అడ్డముగ వచ్చిన మ్యూయాను చెంతనున్న శిలలో న్యూట్రినో వలన పుట్టినదే. ఈ ఫలితము 1965 ఆగష్టులో ప్రకటితమైనది. అదే మాసమున రైన్స్ బృందము దక్షిణాఫ్రికా బంగారు గనిలో తాము పొందిన ఇట్టి ఫలితమును ప్రకటించినది.

కోలారులో చిక్కినవి మన గాలిలో పుట్టినవి. సుదూర అంతరిక్షమునుండి నేరుగ వచ్చు మహాశక్తి న్యూట్రినోలు మరింత అరుదు. వానికి గని చాలదు. దక్షిణ ధ్రువమున ఒక ఘన కిలోమీటరు మంచులో 5,160 కాంతిగ్రాహకములను దింపిన ఐస్‌క్యూబ్ పరిశోధకులు 2013లో వాని సాక్ష్యమును ప్రకటించిరి. చిక్కు మాత్రము అచ్చటను అదియే: అసంఖ్యాకములైన ఇతర కణములనుండి న్యూట్రినో జాడను వేరుచేయుట. కోలారులో శిల చేసిన పనిని అచ్చట వెలుపలి గ్రాహకములును, భూగోళమును చేయుచున్నవి.

కోలారు గనులు 2001లో మూతపడినవి. తేని జిల్లాలో 2015లో కేంద్రప్రభుత్వము అనుమతించిన భూగర్భ న్యూట్రినో పరిశోధనాలయము ఇంకను కట్టబడలేదు. మన పొరుగున జరిగిన ఈ పరిశోధనను హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు విద్యార్థులకు తెలుపుట మన విధి.