చిత్త కింద చుక్కల ముద్ద



వేసవిలో డాబామీద పక్కలు వేసుకునే అలవాటు పట్నాల్లో తగ్గిపోయింది. అయినా మే నెలాఖరున, వెన్నెల లేని ఒక్క రాత్రయినా పిల్లల్ని వెంటబెట్టుకుని పైకెక్కండి. తొమ్మిది, తొమ్మిదింబావు వేళ దక్షిణంవైపు తిరిగితే చిత్తా నక్షత్రం ఎత్తున తెల్లగా మెరుస్తూ ఉంటుంది. పంచాంగంలో మనం చూసే చిత్తే అది. చెయ్యి చాపి పిడికిలి బిగించి, అక్కణ్ణించి తిన్నగా కిందికి మూడున్నర పిడికిళ్లు కొలవండి. వీధిదీపాల వెలుగు అడ్డు రాకపోతే అక్కడ మసకగా ఒక చుక్క కనిపిస్తుంది. దానిపేరు ఒమేగా సెంటారీ.

పాశ్చాత్యులు చాలాకాలం దాన్ని ఒంటి నక్షత్రంగానే లెక్కవేశారు. 1677లో ఎడ్మండ్ హేలీ సెయింట్ హెలీనా దీవినుంచి పరిశీలించి, అది మామూలు నక్షత్రం కాదని గుర్తించాడు. నిజానికి అందులో ఉన్నవి సుమారు కోటి నక్షత్రాలు! ఇటువంటి వాటిని గోళాకార తారాగుచ్ఛాలంటారు. పాకం బూందీని లడ్డుగా పట్టి ఉంచినట్టే, పరస్పర ఆకర్షణ ఈ నక్షత్రాలను పట్టి ఉంచుతుంది. అయితే అవి ఒకదానికొకటి అంటుకోవు, తిరుగుతూనే ఉంటాయి. వీటి వయసు దాదాపు 1,200 కోట్ల ఏళ్లు. 460 కోట్ల ఏళ్ల మన సూర్యుడు వీటిముందు చిన్నవాడే.

అది ఎంత దూరమో ఎలా తెలిసిందంటారా? ఈ గుచ్ఛాల్లో కొన్ని తారలు ఒక్కరోజు లోపలే వెలుగు పెరిగి, తరిగి, మళ్లీ పెరుగుతుంటాయి. వాటి అసలు కాంతి ఇంచుమించు ఒకటే. వీధిలో అన్నీ అరవై కాండిల్ బల్బులే అయితే, మసకగా కనబడేది దూరాన ఉందని మనం చెప్పమూ? అదే కిటుకు. ఒమేగా సెంటారీ సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఇవాళ మన కంట పడే వెలుగు 17,000 ఏళ్లనాడు బయలుదేరిందన్నమాట.

ఇటువంటి తారలను వెతికి పట్టికలు వేసినావిడ హెలెన్ హాగ్. 1930ల్లో కెనడాలోని విక్టోరియా వేధశాలలో ఉద్యోగం ఆవిడ భర్తది. ఆవిడకు జీతం లేదు. చంటిపాపను బుట్టలో పడుకోబెట్టుకుని, పెద్ద దూరదర్శినితో రాత్రంతా ఫొటోలు తీసేవారు. 1939లో వెలువడిన ఆవిడ పట్టికలో ఇలా వెలుగు మారే తారలు వెయ్యికి పైగా ఉన్నాయి. తరువాత 30 ఏళ్లపాటు టొరంటోలోని ఒక దినపత్రికలో, మామూలు పాఠకులకోసం వారం వారం ఆకాశం కబుర్లు రాశారు.

ఇంట్లో బైనాక్యులర్సు ఉంటే డాబామీదికి పట్టుకెళ్లండి. ఆ మసక చుక్క గుండ్రటి దూదిపింజలా కనిపిస్తుంది. "అదేమిటమ్మా?" అని పిల్లలు అడిగితే, నాన్నగారిని అడగమని పంపకండి. చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గరే బోలెడు సంగతులున్నాయి.