బిగుసుకుపోయిన కంప్యూటరు

ఉపకార వేతనం దరఖాస్తుకు అది ఆఖరి రోజు. బడిలోని పాత కంప్యూటరు ముందు ఒక విద్యార్థిని కూర్చుని ఉంది. నిన్నటిదాకా బాగానే నడిచిన బ్రౌజరు ఆ ఉదయమే తనంతట తాను కొత్త రూపం తెచ్చుకుంది. సగం వివరాలు నింపేసరికి తెర కదలడం మానేసింది. మౌసు జరిపితే బాణం గుర్తు జరగదు. మీట నొక్కితే అక్షరం పడదు. “చచ్చిపోయింది” అని పక్కనున్నవారు తేల్చేశారు. ఒకరు స్విచ్చి ఆపబోయారు కూడా.

ఇలాంటప్పుడు చాలాసార్లు కంప్యూటరు చచ్చిపోదు. మోయలేని బరువు ఎత్తుకొని అడుగు కదపలేక నిలబడిపోతుంది.

ఇంటర్నెట్‌లోని పుటలను తెచ్చి తెరపై చూపే ప్రోగ్రామే బ్రౌజరు. మొట్టమొదటి బ్రౌజరును 1990లో, సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ రాశాడు. ఆనాటి పుటలలో ఉండేది ఎక్కువగా అక్షరాలే. నేటి పుట అలా కాదు. బొమ్మలు, వీడియోలు, లెక్కలు కట్టే సూచనలు అన్నీ కలిసి ఒక్కొక్క పుటా ఒక చిన్న ప్రోగ్రాములా నడుస్తుంది. పైగా 2008లో వచ్చిన గూగుల్ క్రోమ్, తెరిచిన పుటలను వేరువేరు ప్రక్రియలుగా నడిపే పద్ధతిని అనుసరించింది. ఫైర్‌ఫాక్స్ కూడా తరువాత ఆ దారే పట్టింది. ఒక పుట చెడిపోతే మిగిలినవి చెడకుండా ఉండటం ఇందులోని లాభం. అందుకు చెల్లించే ధర మెమరీ.

కంప్యూటరులో పని జరిగే చోటు ర్యామ్. సామాను దాచే చోటు హార్డు డిస్కు. వంటింటి గట్టుకూ అటకకూ ఉన్న సంబంధమే వీటి మధ్య ఉంది. గట్టు చిన్నదై సామాను ఎక్కువైతే, కొన్ని డబ్బాలు అటక మీదికి చేర్చాలి. ఉప్పు కావలసినప్పుడల్లా నిచ్చెన ఎక్కాలి. ర్యామ్ నిండినప్పుడు కంప్యూటరు చేసేదీ ఇదే. ర్యామ్ నుంచి ఒక సమాచారం అందడానికి సుమారు సెకనులో కోటో వంతు సరిపోతుంది. హార్డు డిస్కు నుంచి అందడానికి సెకనులో వందో వంతు పడుతుంది. అంటే దాదాపు లక్ష రెట్లు ఆలస్యం. 2 గిగాబైట్ల ర్యామ్ ఉన్న యంత్రం కొత్త బ్రౌజరుతో బిగుసుకుపోవడంలో వింత లేదు.

కనుక మొదట చేయవలసిన పని ఆగడం. పెట్టెమీద హార్డు డిస్కు దీపం ఉంటే దాన్ని గమనించాలి. అది మినుకుమినుకుమంటూ ఉంటే లోపల పని జరుగుతున్నట్లే. అప్‌డేట్ అయిన తరువాత తొలిసారి తెరిచినప్పుడు బ్రౌజరు పాత సమాచారాన్ని కొత్త పద్ధతికి మార్చుకోవచ్చు. వైరస్ నిరోధక ప్రోగ్రాము కొత్త ఫైళ్ళను సోదా చేయవచ్చు. పది నిమిషాలు ఓపిక పట్టడం నష్టం కాదు. డిస్కు మీద రాత సాగుతుండగా కరెంటు ఆపితే మాత్రం ఫైళ్ళు పాడయ్యే ప్రమాదం ఉంది.

అప్పటికీ కదలకపోతే, విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కాలి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మెమరీని ఎవరు ఎంత తింటున్నారో అందులో కనిపిస్తుంది. అక్కడి నుంచే బ్రౌజరును ఆపవచ్చు. పవర్ మీటను అదిమి పట్టుకొని ఆపడం అన్నిటికన్నా చివరి ఉపాయం.

తరువాత కారణం వెదకాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ముందు ఒకే ఒక ట్యాబుతో చూడాలి. ఆపైన, బ్రౌజరుకు ఎవరెవరో తగిలించిన ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. కొత్త బ్రౌజరుతో పొసగనివి వీటిలో ఉండవచ్చు. షిఫ్ట్ మీట నొక్కి ఉంచి ఫైర్‌ఫాక్స్‌ను తెరిస్తే అవేవీ లేకుండా నడిపి చూసే వీలుంటుంది. ఇంకా కుదరకపోతే సెట్టింగులలో ‘హార్డ్‌వేర్ యాక్సిలరేషన్’ను ఆపాలి. పేరు గంభీరమే గాని విషయం చిన్నది: తెరపై బొమ్మ గీసే పనిని బ్రౌజరు గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగించడం. చిప్పు పాతదైతే ఆ అప్పగింతలోనే చిక్కు వస్తుంది.

ఈ తలనొప్పి ఎందుకని అప్‌డేట్లనే మానేసేవారున్నారు. అది తెలివైన పని కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది బ్రౌజరులోని లోపం కాదు, విండోస్‌లోనిది. దాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది.

అయితే ప్రతి యంత్రానికీ ఒక హద్దు ఉంటుంది. విండోస్ 7 మీద నడిచే క్రోమ్‌లో 2023 జనవరిలో వచ్చిన 109వ రూపమే చివరిది. అటువంటి పాత యంత్రానికి ర్యామ్ పెంచడం, హార్డు డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి అమర్చడం, తేలికపాటి లినక్స్ ఎక్కించడం వంటి మార్గాలున్నాయి.

ఆ బడిలో అంత అవసరం రాలేదు. వీడియోలు దించుకోవడానికి ఎవరో తగిలించిన ఎక్స్‌టెన్షన్ ఒకటి బయటపడింది. దాన్ని తీసేయగానే బ్రౌజరు కదిలింది. నింపిన వివరాలు మాత్రం పోయాయి. ఆ అమ్మాయి ఈసారి ముందుగా కాగితం మీద రాసుకొని, మొదటి నుంచి మళ్ళీ నింపడం మొదలుపెట్టింది.