ఎడారిలో ఆకుకూర.. ఏసీ నీళ్లతో!

ఊళ్లో మొక్కకు చెంబెడు నీళ్లు పోస్తే ఎవరూ లెక్కపెట్టరు. ఇక్కడ ఎమిరేట్స్‌లో అలా కాదు. కుళాయిలో వచ్చేవి చాలామటుకు సముద్రపు నీళ్లే. ఇంధనం కాల్చి ఉప్పు తీస్తారు, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని మళ్లీ సముద్రంలోకే వదులుతారు. విల్లాలు కట్టేదీ, తోటలు చూసేదీ, క్యాంపులో పుదీనా పెంచేదీ మనవాళ్లే కాబట్టి ఈ సంగతి మనకు తెలియాలి.

లాన్ కన్నా జమ్మి మేలు

సైట్లలో మేం చూస్తున్నదే చెబుతున్నాం. ఎండాకాలంలో లాన్‌కు చదరపు మీటరుకు రోజుకు సుమారు 10 లీటర్లు కావాలి. 100 చదరపు మీటర్లంటే రోజుకు 1,000 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు 50! అదే ఘాఫ్ చెట్టయితే వేళ్లు లోతుకు దింపి తన నీళ్లు తానే వెతుక్కుంటుంది. యూఏఈ జాతీయ వృక్షమైన ఈ ఘాఫ్ మరేదో కాదు, దసరాకు మనం పూజించే జమ్మి. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా ఇదే. కోనోకార్పస్ తొందరగా పెరుగుతుంది గానీ, దాని వేళ్లు పైపుల్లోకి దూరతాయి. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది. తోటపనిలో ఉన్న అన్నలూ, ఏ మొక్క వేద్దామని ఓనరు అడిగితే జమ్మి పేరు చెప్పండి.

బకెట్ నిండా నీళ్లు

ఉక్కపోత రోజుల్లో ఏసీ పైపు కింద బకెట్ పెడితే తెల్లారేసరికి నిండుతుంది. మా రూముల ముందు కుండీలకు మేం పోసేది ఈ నీళ్లే. వీటిలో ఉప్పు దాదాపు ఉండదు, మొక్కకు మంచిది. తాగడానికి, వంటకు మాత్రం వద్దు. ఆకుల మీద చల్లకుండా మొదట్లో పోయాలి. ఏసీని మందుతో కడిగిన రోజు నీళ్లు పారబోయాలి. బకెట్‌కు మూత పెట్టాలి, లేకుంటే దోమలు చేరతాయి.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని మనకే బంద్. మొక్కలకూ ఆ వేళలో నీళ్లు దండగే, తెల్లవారుజామున పోయండి. చలికాలంలో ఏసీ ఆగిపోతే బియ్యం కడిగిన నీళ్లున్నాయి కదా! గ్రోసరీలో కొన్న మెంతులు, నలిపిన ధనియాలు చల్లినా మొలుస్తాయి. ఊరి నుంచి విత్తనాలు బ్యాగులో తేకండి, వాటికి రూల్స్ ఉన్నాయి. కుండీలు పెట్టే ముందు క్యాంపు బాస్‌ను అడగండి. మెట్లకు, ఫైర్ ఎగ్జిట్‌కు అడ్డం రానీయకండి.

పిల్లిని తెచ్చే ముందు..

రూములో పిల్లిపిల్లను పెంచాలని చాలామందికి ఉంటుంది. వీసా క్యాన్సిలై ఇంటికెళ్లే రోజు దాన్నెవరు చూస్తారు? వదిలేసిన పిల్లులు సైట్ల చుట్టూ పిల్లల్ని పెట్టి, పిట్టల్ని తినేస్తాయి. మిగిలిన అన్నం బయట పారేస్తే ఎలుకలూ వస్తాయి. చూసుకునే మనిషి ఉంటేనే తెచ్చుకోండి, సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించండి. లేదంటే రెండు కుండీలతో సరిపెట్టుకోండి. మీరు వెళ్లిపోయినా వాటికి పక్క రూము తమ్ముడు నీళ్లు పోస్తాడు.