సయ్యద్ అబ్దుల్ రహీం: ఫుట్‌బాల్ శిక్షణలో ఉపాధ్యాయ దృష్టి

ఉపోద్ఘాతం

భారత ఫుట్‌బాల్ చరిత్రలో 1951 నుంచి 1962 వరకు గల కాలాన్ని స్వర్ణయుగంగా పేర్కొంటారు. ఆ కాలంలో జాతీయ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963). ఆయన వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన విజయాలకు మూలం బోధనా పద్ధతిలో ఉందని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

విద్య, వృత్తి

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ జట్టుకు ఆడారు. పట్టభద్రులైన తర్వాత నగరంలోని పాఠశాలల్లో బోధిస్తూ వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణనిచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకొంది.

శిక్షణ పద్ధతి

అప్పటి ఆటగాళ్లకు బంతిని తమ వద్దే ఉంచుకొని ఒంటరిగా దూసుకుపోవడంపై మక్కువ ఎక్కువ. దానిని మాన్పించడానికి రహీం ఉపన్యాసాలపై ఆధారపడలేదు. డ్రిబ్లింగును నిషేధించిన పోటీలు నిర్వహించారు. నియమమే ఆటగాని చేత బంతిని వెంటనే తోటివానికి అందింపజేసేది. బలహీనమైన కాలితో ఆడే సాధనకూ ఆయన ప్రాధాన్యమిచ్చారు. తప్పును ఎత్తిచూపడం కంటే, ఆ తప్పుకు తావులేని అభ్యాసాన్ని కల్పించడం మేలని ఎరిగిన ఉపాధ్యాయుని మార్గమిది.

జయాపజయాలు

1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో పరాజయం పొందింది. మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెంటర్ ఫార్వర్డ్‌ను కొంత వెనుకకు జరిపి ఆడించే వ్యూహాన్ని రహీం అనుసరించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ సాధించగా భారత్ 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి, చివరకు నాలుగో స్థానం పొందింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆయన ప్రతిభకు పరాకాష్ఠ. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో జట్టు 2-0తో ఓడింది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. ఫైనల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ సాధించగా, అదే కొరియాను భారత్ 2-1తో జయించింది. 1963 జూన్ 11న రహీం మరణించారు.

ముగింపు

1960 తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. 1962 తర్వాత ఆసియా క్రీడల స్వర్ణమూ దక్కలేదు. ఒక వ్యక్తి మరణమే దీనికి కారణమనడం అతిశయోక్తి. అయితే పద్ధతి వ్యక్తితోనే ముగిసిపోకుండా సంస్థల్లో నిలవాలన్న హెచ్చరిక ఇందులో ఉంది. డ్రిబ్లింగ్ లేని పోటీకి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కళాశాలల మైదానాల్లోనూ దానిని ఆచరించవచ్చు. శిక్షకుని జీవితాన్ని పరిశోధించేవారు గెలిచిన కప్పులతో పాటు నిత్య సాధనను కూడా ఆధారంగా స్వీకరించినప్పుడే ఆ కృషికి సరైన విలువ కట్టగలరు.