ఇంటి దారిలో టన్నుల మంచు

కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పల్లెటూరి ఇంటికీ రోడ్డుకూ మధ్య సొంత దారి ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల అది యాభై మీటర్లు, కొన్నిచోట్ల అర కిలోమీటరు. రోడ్డు మీది మంచు తీయడం ప్రభుత్వం పని. ఈ దారి మాత్రం ఇంటివాళ్ల పూచీ. పాల లారీ రావాలన్నా, అంబులెన్స్ రావాలన్నా అది తెరిచి ఉండాల్సిందే. మంచుతో పంతానికి దిగితే ఎంత పెద్ద యంత్రమూ చాలదు. దాని తీరు తెలిసినవాళ్లకు చిన్న ట్రాక్టరే చాలు. ఆ తీరు చెప్పే విశేషాలు కొన్ని ఇవి.

తేలిగ్గా కనిపించే బరువు

కొత్తగా రాలిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. గాలి కొట్టి బిగిసిన మంచు 300 కిలోలు దాటుతుంది. 50 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న దారి మీద అడుగు మందం మంచు పడిందనుకోండి. తాజాదైతే నాలుగున్నర టన్నుల దాకా ఉంటుంది. గాలికి మేట వేసినదైతే పదమూడు టన్నుల పైమాటే. కదిలిస్తే గట్టిపడటం దీని ఇంకో గుణం. నెట్టినప్పుడు విరిగిన రేణువులు కొద్ది గంటల్లోనే ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకే మొదటి మంచునే దారి అంచు దాటించి దూరంగా నెట్టేస్తారు. అంచునే వదిలేస్తే అది గడ్డకట్టి గోడవుతుంది, ఫిబ్రవరి మంచుకు చోటు మిగలదు.

తీయకుండా తొక్కిన రోజులు

కార్లు రాకముందు అమెరికాలోని వెర్మాంట్ వంటి చోట్ల మంచును అసలు తీసేవారే కాదు. గుర్రాలు లాగే భారీ చెక్క రోలర్లతో దాన్ని అణగదొక్కేవారు. చక్రాల్లేని స్లెడ్జి బండ్లకు అదే చక్కని రోడ్డు. చిక్కల్లా పైకప్పున్న చెక్క వంతెనల దగ్గర వచ్చేది. లోపల మంచు పడదు కనుక బండి జారేది కాదు. అందుకని మనుషులను పెట్టి, పారలతో మంచు తెచ్చి వంతెన మీద పోయించేవారు!

కొడుకు పోయిన చలికాలం

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం, వాల్కూర్‌కు చెందిన మెకానిక్ జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియేకు 1934 చలికాలంలో రెండేళ్ల కొడుకు దక్కలేదు. కడుపులో ఇన్‌ఫెక్షన్ ముదిరింది, మంచు మూసిన దారుల్లో ఆస్పత్రికి చేర్చే బండి లేదు. కుర్రతనం నుంచే మంచు బండ్ల మీద పనిచేస్తున్న ఆయన పట్టు వదల్లేదు. 1937లో పళ్ల చక్రం, రబ్బరు పట్టా కలిసిన ఏర్పాటుకు పేటెంట్ పొందారు. ఆయన బండ్లు అంబులెన్సులుగా, బడి పిల్లల బండ్లుగా, టపా బండ్లుగా పల్లెలను ఆదుకున్నాయి. 1948లో క్యుబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మంచు తీయించడం మొదలుపెట్టాక ఆ బండ్ల అమ్మకాలు పడిపోయాయి. 1959లో ఆయన కంపెనీ నుంచి స్కీ-డూ అనే చిన్న మంచు బండి వచ్చింది.

నూర్పిడి యంత్రం నేర్పిన పాఠం

మంచును నెట్టకుండా విసిరికొట్టే స్నో బ్లోయర్ కూడా క్యుబెక్ బిడ్డే. పాడి పొలాల్లో పెరిగిన ఆర్థర్ సికార్‌కు ధాన్యం నూర్చే యంత్రాన్ని చూసి ఆ ఆలోచన వచ్చింది. 1925లో యంత్రం తయారైంది. 1927లో మాంట్రియల్ పక్కనున్న ఉట్రమాన్ పట్టణం దాన్ని కొన్నది. ఇప్పుడు ఇళ్లలో వాడే పెద్ద బ్లోయర్లలో పని రెండు అంచెల్లో సాగుతుంది. ముందున్న మరలు మంచును లోపలికి లాగుతాయి, వెనకున్న ఫ్యాను గొట్టంలోంచి విసురుతుంది. మర ఇరుసుకు కావాలనే బలహీనమైన పిన్నులు పెడతారు. రాయి తగిలితే పిన్ను తెగుతుంది, ఖరీదైన గేర్లు బతుకుతాయి. కంకర దారుల్లో బ్లోయర్ అడుగు నేలకు కాస్త ఎత్తులో ఉండేలా కింది పట్టీలను దించి బిగిస్తారు. లేకపోతే మంచుతోపాటు రాళ్లూ ఎగురుతాయి.

టైర్లలో నీళ్లు, బీట్ రసం

మన రైతులు పట్టు కోసం ట్రాక్టరు వెనక టైర్లలో నీళ్లు నింపుతారు, దమ్ము చేసేటప్పుడు ఇనుప కేజ్ వీల్స్ తగిలిస్తారు. మంచు దేశాల్లోనూ సూత్రం అదే. అయితే వట్టి నీళ్లు గడ్డకడతాయి కనుక కాల్షియం క్లోరైడ్ కలిపి పోస్తారు. అది నీటికన్నా బరువు, కానీ కారితే రిమ్ములను తినేస్తుంది. అందుకే కొందరు చక్కెర బీట్ల రసం వైపు మొగ్గారు. అది బరువైనది, గడ్డకట్టదు, తుప్పు పట్టించదు. ముందున్న బకెట్‌తో మంచు ఎత్తినప్పుడు వెనక చక్రాల మీది భారం తగ్గి పట్టు పోతుంది. దానికి విరుగుడుగా వెనక బరువు పెట్టె తగిలిస్తారు.

గొలుసుల కథ

మట్టిలో, మంచులో కూరుకున్న టైర్లకు డ్రైవర్లు తాళ్లు చుట్టడం చూసి న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ టైరు చైన్లు రూపొందించారు. పేటెంట్ వచ్చింది 1904లో. నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండే గొలుసులు ముందుకు లాగడానికి బాగుంటాయి, వాలులో పక్కకు జారనిస్తాయి. వజ్రాకారపు అల్లిక రెండు వైపులా పట్టి ఉంచుతుంది.

మంచుకు మంచే పట్టు

ప్రత్యేకంగా మంచు కోసం చేసిన తొలి టైరు 1934లో ఫిన్లాండ్‌లో లారీల కోసం పుట్టింది. దాన్ని చేసిన కంపెనీ వారసురాలే నేటి నోకియన్ టైర్స్. చలికాలపు టైరు రబ్బరు 7 డిగ్రీల కన్నా కిందా మెత్తగా ఉంటుంది. దాని గాడులు మంచును పట్టి ఉంచుతాయి. మంచును మంచు బాగా అంటుకుంటుంది కనుక పట్టు పెరుగుతుంది. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఈ టైర్లు తప్పనిసరి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుందే గాని, ఆపడానికి సాయపడదు. ఇంకో వింత: బాగా జారేది సున్నా డిగ్రీల దగ్గరి తడి మంచుగడ్డ. మైనస్ 20లో అదే గడ్డ మీద పట్టు మెరుగ్గా ఉంటుంది. మంచు కరిగించడానికి చల్లే ఉప్పు సంగతి ఇందుకు తలకిందులు. మైనస్ 10 సమీపిస్తే అది మందగిస్తుంది. అప్పుడు పట్టుకు ఇసుకే దిక్కు.

చేయి పెట్టొద్దు, పరుగు పెట్టొద్దు

బ్లోయర్ గొట్టం మూసుకుపోతే ఇంజను ఆపాక కూడా చేయి పెట్టకూడదు. మంచు వదలగానే మరల్లో బిగుసుకున్న బలంతో అవి ఒక్కసారి తిరిగి వేళ్లను తీసుకెళ్లిపోతాయి. కర్రతోనే పొడవాలి. పారతో ఎత్తే పనిలోనూ ప్రమాదం తక్కువేం కాదు. 1981 నుంచి 2014 దాకా క్యుబెక్ రికార్డులను పరిశీలించిన అధ్యయనంలో, 20 సెంటీమీటర్ల మంచు పడిన మర్నాడు మగవారిలో గుండెపోటు మరణాల అవకాశం మంచు లేని రోజులతో పోలిస్తే 34 శాతం ఎక్కువని తేలింది. గుండె జబ్బున్న పెద్దలున్న ఇంట్లో పారను పడుచువాళ్లే అందుకోవాలి.

ఎత్తనక్కర్లేని మంచే చవక

గాలి మోసుకొచ్చే మంచును దారికి చేరకముందే ఆపొచ్చు. సగం సందులున్న కంచె గాలి వేగాన్ని తగ్గిస్తే, మంచు కంచె వెనకే రాలిపోతుంది. ఆ మేట కంచె ఎత్తుకు 35 రెట్ల దూరం దాకా సాగగలదు. కనుక నాలుగడుగుల కంచెను దారికి నలభై మీటర్ల పైచిలుకు దూరంలో పాతాలి. దగ్గరగా పాతితే మంచు తెచ్చి దారిలో పోసినట్టే. ఇలా ఆపడానికయ్యే ఖర్చు యంత్రాలతో తీసే ఖర్చులో సుమారు వందో వంతు. మిన్నెసోటా రవాణా శాఖ రోడ్డు పక్క రైతులకు డబ్బిచ్చి మరీ కొన్ని వరసల మొక్కజొన్నను కోయకుండా నిలబెట్టిస్తోంది. ఆ రాష్ట్రంలోనో, ఆంటారియోలోనో పల్లె ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు యంత్రం బేరం చేసే ముందు ఒక చలికాలం గాలి దిక్కును, మేట పడే చోటును గమనిస్తే మంచిది. కంచె ఎక్కడ పాతాలో, ఎంత యంత్రం సరిపోతుందో దాంతోనే తేలిపోతుంది.