కథ సగంలో కంప్యూటర్ ఆగిపోతే...

మధ్యాహ్నం రెండున్నర. మావారు ఆఫీసులో, పిల్లలు కాలేజీలో. వంటింటి పని ముగించుకుని కథ టైపు చేసుకునే సమయం నాకదే. కథలో ఆ అమ్మాయి పుట్టింటి గుమ్మం ముందు నిలబడి, తలుపు తట్టాలా వద్దా అని తటపటాయిస్తోంది. ఇంతలో టప్... తెర నల్లబడిపోయింది! కరెంటు పోయిందేమోనని పైకి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది. మళ్లీ ఆన్ చేసి చూసుకుంటే పేజీన్నర గల్లంతు.

ఒక్కసారైతే సరిపెట్టుకుందును. ఆ వారంలోనే ఐదుసార్లు! ‘నువ్వే ఏదో నొక్కుంటావమ్మా’ అన్నాడు మా అబ్బాయి. ఇంట్లో ఏ వస్తువు పాడైనా నేరం ముందు మన చేతి మీదకే వస్తుంది కదా.

పిలిపించిన మెకానిక్ డబ్బా విప్పకుండానే ‘మదర్‌బోర్డు పోయింది సార్, ఏడువేలవుతుంది’ అని మావారితో చెప్పాడు. రోజూ దాని ముందు కూర్చునేది నేను. ఎప్పుడు ఆగుతోంది, ఎలా ఆగుతోంది అని నన్నొక్క మాట అడగలేదు. నాకు రోషం వచ్చింది. ‘రెండు వారాలు ఆగండి, తర్వాత చూద్దాం’ అన్నాను మావారితో.

పిల్లలకి జ్వరమొస్తే పూటపూటకీ ఎంతుందో రాసి పెట్టమంటారు డాక్టర్లు. అలాగే పాల లెక్క పుస్తకం చివరి పేజీలో రాయడం మొదలుపెట్టాను. ఎన్నింటికి ఆగింది, ఆన్ చేసిన ఎంతసేపటికి, అప్పుడేం చేస్తున్నాం, నీలం తెర వచ్చిందా లేక ఉన్నట్టుండి నల్లబడిందా... అంతే. వారం తిరిగేసరికి విషయం తేటపడింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గంటన్నర పనిచేసినా ఏమీ కాలేదు. మధ్యాహ్నమైతే ముప్పావుగంటకే ఆగుతోంది. అబ్బాయి గేములాడితే పావుగంటే! ఆగిన వెంటనే ఆన్ చేస్తే ఐదు నిమిషాల్లో మళ్లీ అదే గొడవ. అరగంట వదిలేస్తే బుద్ధిగా నడుస్తోంది.

వేడి! లోపలుండే ప్రాసెసర్ మితిమీరి వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే, కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. అంటే అది పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోందన్నమాట. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే వచ్చే బయోస్ తెర మీద చాలా కంప్యూటర్లలో ఈ వేడి ఎన్ని డిగ్రీలో కనిపిస్తుంది. మాది 88 చూపించింది.

ఆదివారం ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచి, పక్క తలుపు విప్పాం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది... ఫ్యాను కింది రేకుల మధ్య దుమ్ము దూది పరుపులా పేరుకుపోయింది! గోడకవతల వంటిల్లు. పోపుల జిడ్డు, రోజూ చీపురు లేపే దుమ్ము కలిసి అంటుకుపోయాయి. పైగా, దుమ్ము పడకూడదని నేనే ముచ్చటపడి కుట్టిన పూల కవరు, వెనక గాలి పోయే కన్నాల్ని పూర్తిగా మూసేసింది. అబ్బాయి నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తే.

తడిబట్ట జోలికి పోలేదు. లోపలి ఇనుప చట్రం ఒకసారి ముట్టుకుని, మెత్తటి పొడి బ్రష్షుతో, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని దులిపాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మాత్రం తెలిసిన కుర్రాడి చేత మార్పించాం. కరెంటు తీగ వచ్చి చేరే ఆ ఇనుప పెట్టెని, అదే ఎస్‌ఎంపీఎస్‌ని, ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలవుంటుంది. బయోస్‌లో వేడి 52కి దిగింది.

పదిరోజులు హాయి. మళ్లీ టప్! ఈసారి పొద్దున్న ఏడింటికే. పుస్తకం తీశాను. ఆగిన మూడుసార్లూ మిక్సీ వేసినప్పుడే! ఓల్టేజీ కాస్త పడగానే యూపీఎస్ అందుకోవాలి, అందుకోవడం లేదు. దాని బ్యాటరీ కొని ఆరేళ్లు. వీటికి మూడు నాలుగేళ్లే ఎక్కువ. పన్నెండొందలు పెట్టి మార్చాం.

నీలం తెర వచ్చి ఆగేదైతే దారి వేరు. తెర మీది అక్షరాల్ని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. కొత్తగా ఎక్కించిన ప్రోగ్రామో, సరిగా కూర్చోని ర్యామో కారణం కావచ్చు. స్టార్ట్ మెనూలో ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అని కొడితే ర్యామ్‌ని అదే పరీక్షిస్తుంది. హార్డ్‌డిస్కు టిక్ టిక్ మంటుంటే మాత్రం రిపేరు మాట తర్వాత, ముందు ఫొటోలూ కాగితాలూ వేరేచోటికి ఎక్కించేయండి. అన్నట్టు, విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కాబట్టి ‘అందుకే మెషిన్ ఆగిపోతోంది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. అప్‌డేట్లు లేకపోతే వైరస్‌ల భయం నిజమే, కానీ కరెంటు తీసేసినట్టు ఆరిపోవడానికి అది కారణం కాదు.

వర్డ్‌లో తనంతట తాను దాచుకునే వ్యవధి పది నిమిషాలుంటే రెండుకి తగ్గించాను. పోయిన పేజీన్నర మాత్రం దొరకలేదు. మళ్లీ రాస్తే, ఆ అమ్మాయి ఈసారి తలుపు తట్టింది. నేను కుట్టిన పూల కవరు ఇప్పుడు కుట్టుమిషను మీద ఉంది.